కింది రెప్ప చెప్పిన మాట

నా చిన్నప్పుడు, ఆస్ట్రేలియాలోని టూవూంబాలో, నాకో గొర్రెపిల్ల ఉండేది. దాని తల్లి చనిపోతే పక్క ఫారం ఆయన తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. సీసాతో పాలు పట్టి పెంచాను. ఏటా జరిగే ఊరి పశువుల షోలో పిల్లలు తమ గొర్రెపిల్లల్ని తాడు పట్టి నడిపించే పోటీ ఉందని తెలిసిన రోజు నుంచి నా కాళ్ళు నేలమీద నిలవలేదు. దాని మెడకు ఎర్ర రిబ్బను కూడా కొనిపెట్టుకున్నాను!

అక్కడ వానలు ఎండాకాలంలోనే, ఆ ఏడు వదలకుండా కురిశాయి. తెరిపిచ్చాక దోమలంటే దోమలు! షో ఇంకో వారం ఉందనగా నా గొర్రెపిల్ల నాలుగడుగులు వేసి ఆగిపోవడం మొదలుపెట్టింది. తాడు లాగితే రొప్పేది. డాక్టరైన మా నాన్న చూసి నవ్వేశారు.

"పాలెక్కువై బద్ధకం పట్టిందే దానికి. నాలుగు రౌండ్లు పరిగెత్తించు, అదే దార్లోకొస్తుంది."

నేను హుషారుగా తాడు అందుకున్నాను. సరిగ్గా అప్పుడే మా మేనత్త కారు దిగింది. ఆవిడ పశువుల డాక్టరు. "ఆగవే!" అని ఒక్క కేక పెట్టి, హ్యాండ్‌బ్యాగు గడ్డిలో పడేసి, గొర్రెపిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. దాని కింది రెప్పను బొటనవేలితో మెల్లగా దించింది. లోపలంతా తెల్లగా పాలిపోయి ఉంది. తర్వాత నా రెప్ప దించి, కారు అద్దంలో చూసుకోమంది. అబ్బ, దానిమ్మ గింజంత ఎరుపు! నా ఒంట్లో రక్తం నాకు కనిపించినట్టై ఒళ్ళు ఝల్లుమంది.

అప్పుడు చెప్పింది అత్త: వానలు వెలిశాక దోమలు ఒక గొర్రె నుంచి ఇంకో గొర్రెకు ఓ క్రిమిని మోసుకొస్తాయట. కంటికి కనిపించని ఆ క్రిమి రక్తంలో చేరి ఎర్రదనాన్నంతా తినేస్తుందట. ఏటా ఈ రోజుల్లోనే, ఈ ఈడు గొర్రెపిల్లల్లోనే ఎక్కువట.

"పరిగెత్తించావో, అక్కడే కుప్పకూలుతుంది బంగారం. నీడలో ఉంచు, మేత పెట్టు, దాని మానాన దాన్ని వదిలెయ్" అని, నాన్న వంక తిరిగి, "మనుషుల డాక్టరువి, గొర్రెల గొడవ నీకెందుకన్నయ్యా!" అంది. నాన్న నాలుక కరుచుకున్నారు.

షో పోయింది. ఏడ్చానా అంటే, బాగానే ఏడ్చాను. కానీ రోజూ స్కూలు నుంచి రాగానే బ్యాగు విసిరేసి రెప్ప దించి చూడడమే నా పని. తెలుపు. మర్నాడూ తెలుపే. షో అయిపోయిన చాన్నాళ్ళకు, ఒక సాయంత్రం, లేత గులాబీ రంగు! "ఎర్రబడింది! అమ్మా, ఎర్రబడింది!" అని వీధంతా వినపడేలా అరిచాను. రిబ్బను ఆ రోజే కట్టాను. తాడు పట్టుకుంటే అదే నన్ను లాక్కెళ్ళింది.

ఇప్పుడు మా మనవడు నడకలో వెనకబడితే వాళ్ళమ్మ "కమాన్, హర్రీ అప్" అని కేకేస్తుంది. నేను మాత్రం వెనక్కి వెళ్ళి, ముందు వాడి రెప్ప దించి చూస్తాను. "అమ్మమ్మా, ఐ యామ్ నాట్ ఎ షీప్!" అని మొత్తుకుంటాడు. కాకపోతే కాకపోనీ. వెనకబడ్డవాణ్ణి తరమడం మాత్రం నా వల్ల కాదు.