ముందు స్తుతి, తర్వాతే మనవి

సాయంత్రం కుటుంబ ప్రార్థనకి మా నాయనమ్మ పెట్టిన నియమం ఒకటుండేది. ముందు దేవుణ్ణి స్తుతించాలి, ఆయన చేసినవాటికి వందనాలు చెప్పాలి, మన అవసరాలు చివర్లో చెప్పుకోవాలి. అవసరంతో మొదలుపెట్టినవాళ్ళు మళ్ళీ మొదటినుంచి చెయ్యాల్సిందే. మా నాన్న నూజివీడు తోటల్లో పొద్దంతా మామిడికాయలు కోసి వచ్చేవాడు. అలసటలో ఆయన "ప్రభువా, రేపు గాలి లేవకుండా చూడు" అని మొదలుపెడితే ఆయన్నీ వదిలేది కాదు.

"ఎవరింటికన్నా వెళ్తే గుమ్మంలోనే చెయ్యి చాపుతామేంట్రా? ముందు మంచీ చెడ్డా పలకరించొద్దా?" అనేది.

అప్పుడు నాకు పదేళ్ళు. ఇంట్లో చదువొచ్చినదాన్ని కాబట్టి వాక్యం చదివేది నేనే, ప్రార్థన చేసేదీ చాలాసార్లు నేనే. ఆకాశం, భూమి, సూర్యుడు, చంద్రుడు అంటూ స్తుతి ఒక్క ఊపిరిలో గడగడా అప్పజెప్పేసి, నా లెక్కల పరీక్ష దగ్గరికి వచ్చేదాన్ని. నిజం చెప్పాలంటే స్తుతి నాకు విసుగు. గొప్పవాడని దేవుడికే రోజూ చెప్పడమెందుకని ఒకసారి అడిగి, వీపు మీద ఒకటి తిన్నాను.

ఎనభైల మధ్యలో ఒక ఏడు, రసాల కోత మొదలైన వారానికే నాన్న చెట్టుమీంచి పడ్డాడు. చిటారు కొమ్మ కాయలు చిక్కం కర్రకి అందలేదని పైకెక్కితే కొమ్మ విరిగింది. నడుము కింద స్పర్శ లేదు. వాపు తగ్గితేగానీ నడుస్తాడో లేదో చెప్పలేనన్నారు డాక్టరు గారు.

అమ్మ నాన్న మంచం దగ్గర ఉండిపోయింది. నాయనమ్మ ఆసుపత్రి వరండాలో మోకాళ్ళూని, తలమీద కొంగు కప్పుకుంది. నేనూ పక్కన చేరాను.

"నా కొడుకుని నడిపించయ్యా. ఆడి కాళ్ళు ఆడికిచ్చెయ్యి" అంది. అంతే. మళ్ళీ మళ్ళీ అదే.

నాకు భయమేసింది. ఇలా తప్పుగా మొదలుపెడితే దేవుడు వినడేమో, నాన్న ఇక నడవడేమో అనిపించింది.

"నాయనమ్మా, ముందు స్తుతి" అన్నాను.

కళ్ళు తెరిచి నావైపు చూసింది. కోప్పడుతుందనుకున్నాను.

"నాకు రావట్లేదే. నువ్వు చెయ్యి" అంది.

ఆకాశం, భూమి అని మొదలుపెట్టాను గానీ ఆ మాటలు నాకూ నోట్లోనే ఆగిపోయాయి. నాన్న ఊపిరితో ఉన్నందుకు వందనాలు అన్నాను. తోటలోవాళ్ళు నులకమంచం మీద మోసుకొచ్చినందుకు, పడ్డచోట రాళ్ళు లేనందుకు, నిన్న నాన్న నాకోసం రెండు పండ్లు తువ్వాల్లో కట్టి తెచ్చినందుకు వందనాలు అన్నాను. వెతుక్కుని వెతుక్కుని నేను చేసిన మొదటి స్తుతి అదే. ఇక నాయనమ్మ అడుగుతుందని ఆగాను. ఆమె "ఆమేన్" అంది.

"అడగలేదేంటి?" అన్నాను.

"ఇందాక అడిగాగా. వెనకా ముందూ అయినా ఆయన వింటాడులే" అంది కొంగుతో ముఖం తుడుచుకుంటూ.

ఆ వానాకాలం వెళ్ళేసరికి నాన్న కర్ర సాయంతో నడిచాడు. మళ్ళీ చెట్టు మాత్రం ఎక్కలేదు. కానీ అదంతా తర్వాతి సంగతి. మూడో రోజు పొద్దున ఆయన కుడికాలి బొటనవేలు కదిలింది. నాయనమ్మ ఆ పాదాన్ని రెండు చేతులా పట్టుకుని మంచం పక్కన కూలబడింది. పెదవులు కదిలాయి గానీ స్తుతీ రాలేదు, వందనమూ రాలేదు, ఏడుపు తప్ప. ఈసారి నేను దిద్దలేదు.