నడిమి రౌండ్లు

మస్తాన్ బాబాయి పోయాడని మొదట నాకు చెప్పింది పక్కింటి మల్లేశ్వరి వదిన. నేను తులసికి నీళ్లు పోస్తున్నాను. "ఏమే, మన మస్తాన్ పోయాడంట, గురజాలలో కూతురింట్లో" అంది. చెంబు కింద పెట్టి దణ్ణం పెట్టుకున్నాను. ఆయన ఆత్మ కోసమనుకుంది వదిన. కాదు. ఇక ఆయనకు నిజం తెలిసే దారి లేదన్న నిమ్మళం అది. ఆ నిమ్మళానికి నా మీద నాకే రోత పుట్టింది. ఇన్నేళ్లుగా లోపల మోస్తున్నదాన్ని ఇంకొక్క రోజు కూడా మోయలేను. మీకు చెప్పుకుంటాను.

నేను బడికి పోలేదు. నాన్నే ఇంట్లో అక్షరాలు దిద్దించాడు, గడియారం చూడటం నేర్పాడు. బండలాగుడు పందెం వినడం కూడా నేర్పాడు. తిరునాళ్లలో ఎద్దుల జత బండను ఈ గీత నుంచి ఆ గీత దాకా లాగితే ఒక రౌండు. ఒక్కో రౌండుకు ఎంతసేపు పట్టిందో మైకులో చెబుతారు. మా ఇళ్లల్లో ఆడవాళ్లం అక్కడికి పోయేవాళ్లం కాదు. వంటింట్లో కూర్చుని ఆ టైములే వినేదాన్ని. "మొదటి రౌండు మురిపెంగా లాగుద్ది తల్లీ, చివరిది జనం అరుపులకి లాగుద్ది. గిత్త సత్తువంతా నడిమి రౌండ్లలో ఉంటది" అనేవాడు నాన్న. నా అంచనా తప్పేది కాదు. పెళ్లయి వచ్చాక ఈ ఊళ్లోనూ గిత్తల్ని కొనేవాళ్లు నన్ను అడిగి కొనేవారు. ఇది దేవుడిచ్చిందని రోజూ దీపం పెట్టి కృతజ్ఞత చెప్పుకునేదాన్ని.

ఆ ఏడు మా ఎద్దుల జత పందెంలో దిగింది. మొదటి రౌండు బాగానే వచ్చింది. నడిమివి ఒకదాని కంటే ఒకటి ఎక్కువసేపు సాగాయి. ఆఖరిది ఉన్నట్టుండి మొదటిదాని కంటే వేగంగా వచ్చింది. ఒకటే ఈలలు. నా చేతిలో పిండిముద్ద అట్లాగే ఉండిపోయింది. ఊపిరి అయిపోయిన గిత్త తనంతట తాను అలా లేవదు.

సాయంత్రం అడిగితే మా ఆయన దాచలేదు. ఎడమ గిత్తకు కొన్నాళ్లుగా ఆయాసమట. పందెంలో వాడకూడని ములుకర్రను చాటుగా తెచ్చి, చివర్లో దాని డొక్కలో పొడిచారట. వెళ్లి చూశాను. తెల్లటి ఒంటి మీద ఎర్రటి గాట్లు, వాటి మీద ఈగలు. మస్తాన్ దీన్ని కొంటానంటున్నాడు, నిన్నే అడుగుతాడు, గట్టిదని చెప్పు అన్నాడు మా ఆయన.

గాట్లు కనపడకుండా వాటి మీద విభూది పూసింది నేను. ఎవరూ పూయమనలేదు. పూజ గదిలోకి వెళ్లి, చేతులు కడుక్కుని మరీ, ఆ డబ్బా తెచ్చాను.

మస్తాన్ బాబాయి జీవితమంతా ఊరివాళ్ల జతలు తోలినవాడు, ఆ రోజు మా జతను తోలింది మాత్రం ఆయన కాదు. సొంతంగా కొనుక్కోవడం అదే మొదలు.

"ఏందమ్మాయ్, విభూది పెట్టి పంపుతున్నావు? మా ఇంటికొచ్చాక సాంబ్రాణి నేనేస్తాలే" అని నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించి, "నీ చెవికెట్టా వినపడింది?" అని అడిగాడు.

"చానా గట్టి గిత్త బాబాయ్."

"నడిమి రౌండ్లు సాగినయ్ గదా?"

"సత్తువ దాచుకుంది. అందుకే ఆఖర్న అట్టా ఉరికింది."

"నువ్వన్నావు, ఇంక చాలు."

ఆయనకు అనుమానం వచ్చింది. ఆ అనుమానాన్ని చంపింది నేను. నాన్న నేర్పిన విద్యతోనే.

ఎందుకు చెప్పాను? మా ఆయనకు భయపడ్డానా? ఆయన కోప్పడే మనిషి కాడు. ఆ గిత్త మా దొడ్లో పడి చావకుండా ఉంటే చాలనుకున్నాను, అంతే. తోలుకెళ్లిన సాయంత్రం కొబ్బరికాయ కొట్టి దేవుడికి కృతజ్ఞత చెప్పాను. ఆ కొబ్బరి ముక్క ప్రసాదమని కళ్లకద్దుకుని తిన్నాను.

మాచర్ల వైపు పందెంలో, నడిమి రౌండ్లలోనే, గిత్త మోకాళ్ల మీద కూలింది. మళ్లీ లేవలేదు. తోలటం చేతగాక చంపాడన్నారు జనం. ఆ తర్వాత ఎవరూ ఆయన చేతికి జత ఇవ్వలేదు. టీ కొట్టు దగ్గర "ఏంది మస్తానూ, ఇయ్యాల దేన్ని చంపొచ్చావ్?" అని ఎగతాళి చేసేవారట.

ఒకరోజు మా గుమ్మం ముందుకొచ్చి నిలబడ్డాడు. "నువ్వు గట్టిదని ఇచ్చిన గిత్తని నిలబెట్టుకోలేకపోయా అమ్మాయ్. మన్నించు" అన్నాడు. మజ్జిగ ఇచ్చాను. తాగిందాకా ఉండి, "పోనీలే బాబాయ్" అన్నాను. నేను, ఆయన్ని, క్షమించాను.

ఇంతకంటే నీచం ఇంకేముంటుంది? ఎన్ని ఉపవాసాలున్నా ఆ మాట నా నోట్లోంచి పోలేదు. నన్ను క్షమించాల్సిన మనిషి లేడు. మీరు క్షమించనక్కర్లేదు. రాసేశాక ఊపిరి కాస్త ఆడుతోంది, అంతే.

ఒక్కటే అడుగుతున్నాను. ఏ తిరునాళ్లలోనైనా మైకులో రౌండ్ల టైములు వినపడితే, మస్తాన్ బాబాయిని ఒక్కసారి తలుచుకోండి. ఆయనకు తోలటం వచ్చు.