గట్టు మీద ఫారిన్ మోడల్

వానలు పడితే ఆటోలు మా ఊరి వంతెన దగ్గరే ఆగిపోతాయి. కాలువ గట్టు బురదలో ముందు చక్రం దిగబడుతుంది. పుట్టినప్పటి నుంచీ ఇది చూస్తున్న మా ఆయన, ఏడు నెలల పాపకి రాజమండ్రిలో ఏరికోరి మూడు చక్రాల స్ట్రోలర్, అదే పిల్లల్ని కూర్చోబెట్టి తోసే బండి, కొన్నారు. "ఎలాంటి దారైనా లెక్కలేదండి" అంటూ కొట్టతను నున్నటి టైల్స్ మీద తోసి చూపించాడు. నేను ఆటోల సంగతి గుర్తుచేస్తే, "నీకేం తెలుసు, ఇది ఫారిన్ మోడల్" అన్నారు ఈయన.

మర్నాడే ఆయన తోసుకొస్తుంటే, వానకి నానిన గట్టు మీద ముందు చక్రం దిగబడి, బండి పాపతో సహా కాలువ వైపు ఒరిగింది. ఎదురొస్తున్న మా పాలేరు భార్య సత్యవతి నెత్తిమీది గడ్డిమోపు పడేసి, పాపని లాగి చంకనేసుకుంది.

"ఆటోయే రాదు కదండి, ఇదెలా వస్తాదనుకున్నారండి?" అంది.

పాప సత్యవతి చంకలో ఇల్లు చేరింది. ఏ దారినీ లెక్కచేయని బండి మాత్రం మా ఆయన నెత్తినెక్కి వచ్చింది.