సర్వపిండికి నేనిచ్చిన ఎర్ర చీటీ

ఆ రోజుల్లో నేను ఏ తిండీ వేడిగా తిన్న పాపాన పోలేదు. ప్లేటు చేతికి రాగానే దాన్ని నాలుగు దిక్కుల నుంచీ వీడియో తీసి, వెలుతురు చాల్లేదని రోడ్డవతలికి మోసుకెళ్లి మళ్లీ తీసి, చెంచాతో కెలికి ఇంకోసారి తీసేసరికి అది చల్లారిపోయేది. అప్పుడు ఒక ముక్క నోట్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని, "ఆహా, పొగలు కక్కుతోంది ఫ్రెండ్స్" అనేవాణ్ని. (పొగ వచ్చేది వెనకాల పోయే లారీల నుంచి.) పటాన్‌చెరు పారిశ్రామికవాడలో ఒక చిన్న ఫ్యాక్టరీలో క్వాలిటీ చెకింగ్ ట్రైనీని అప్పుడు. పొద్దుటి నుంచి ఇనుప ముక్కల్ని కొలిచి, బాగుంటే పచ్చ చీటీ, తేడా ఉంటే ఎర్ర చీటీ అంటించడం నా పని. షిఫ్టు కాగానే అదే చీటీల కట్ట జేబులో వేసుకుని బండ్ల మీద పడేవాణ్ని. నా పేజీ పేరు 'పాసా, ఫెయిలా'. ఒక బండి మీది మిర్చి బజ్జీకి పచ్చ చీటీ, పక్క హోటల్లో చాయ్‌కి ఎర్ర చీటీ. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు గానీ, తీర్పులు మాత్రం పర్మనెంటుగానే ఇచ్చేవాణ్ని.

మా చుట్టుపక్కల ఇలా తిండి వీడియోలు తీసేవాళ్లందరికీ ఒక గ్రూపు ఉండేది. దానికి పెద్ద మా స్పూనన్న. (ఏది తిన్నా ముందు చెంచాతో ప్లేటు అంచు మీద రెండుసార్లు కొట్టేవాడు, అందుకా పేరు.) సిటీ వాళ్లు ఔటర్ రింగు రోడ్డు దాటితే ఇక తిండే దొరకదనుకుంటారని ఆయనకు చెప్పలేనంత మంట. అందుకే ఇంద్రేశంలో కొత్తగా వేసిన ఒక లేఅవుట్ మైదానంలో, ఒక ఆదివారం, మా వైపు వంటలన్నీ ఒకచోట పెట్టించి అందరినీ పిలవాలని గ్రూపంతా తీర్మానించుకున్నాం. ఎవరెవరితో స్టాలు పెట్టించాలో పేర్లు రాసుకున్నాం. అందులో లక్డారం అక్క పేరు కూడా ఉంది. రోజూ లక్డారం ఊరి నుంచి వచ్చి, మధ్యాహ్నం రెండింటికి, మా షిఫ్టు వదిలే వేళకు, ఫ్యాక్టరీ గేటు ముందు పొయ్యి పెట్టి సర్వపిండి చేసేది ఆమె.

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పాలి. మా నాన్న గోదావరి వైపు నుంచి ఇక్కడి ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగానికి వచ్చి స్థిరపడ్డాడు. నేను పుట్టింది, పెరిగింది ఇక్కడే గానీ, నా నాలుక మాత్రం అమ్మ వెంట అక్కడి నుంచి వచ్చింది. బళ్లో స్నేహితుల డబ్బాల్లోంచి సర్వపిండి ముక్కలు బోలెడు లాక్కుని తిన్నాను, పొయ్యి మీద ఉండగా మాత్రం ఒక్కసారీ చూడలేదు. అయినా సరే, ఆ ఆదివారం తిండి పండగకు ముందు ప్రతి స్టాలునూ పరిచయం చేసే భారం నా భుజాన వేసుకుని, ఒక సోమవారం ఫోన్ పట్టుకుని అక్క బండి ముందు నిలబడ్డాను.

ఆమె బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, ఉల్లాకు, కారం వేసి కలిపింది. ఆ ముద్దను సర్వ అనే లోతు గిన్నె లోపల, అడుగునా అంచులకూ వేళ్లతో పలచగా ఒత్తింది. మధ్యమధ్య వేలితో చిల్లులు పెట్టి, నూనె చుక్కలు వేసి, మూత పెట్టి పొయ్యి మీదికెక్కించింది. కాసేపటికి మూత తీసి, రొట్టెను గీకి లేపి, అలాగే నా ప్లేటులో వేసింది. వెంటనే ఆ ఖాళీ సర్వను పక్కనున్న నీళ్ల బకెట్లో చుయ్‌మని ముంచింది. నేను కెమెరా వైపు తిరిగి గొంతు తగ్గించి, "చూశారా ఫ్రెండ్స్, రెండో వైపు కాల్చనే లేదు. ఈవిడకి తిప్పే ఓపిక లేదు పాపం. పైగా గిన్నె కడిగిన నీళ్లలోనే మళ్లీ ముంచుతోంది. ఒక వైపు పాస్, ఒక వైపు ఫెయిల్, మొత్తం మీద ఫెయిల్" అని, బండి అంచుకు ఎర్ర చీటీ అంటించి వచ్చేశాను. రుచి ఎలా ఉందో చెప్పడం మర్చిపోయాను. (నిజానికి ప్లేటు నాకేశాను.)

నా వీడియోలన్నింటిలో జనం బాగా చూసింది అదే. నాకు ఛాతీ ఉబ్బింది. మర్నాడు గ్రూపులో స్పూనన్న, "గలీజు నీళ్లని వీడియో పోయినంక స్టాలు పెట్టిస్తే మన పేరు పోతది. ఆమెను తీసేసినం" అని పెట్టాడు. అప్పటికీ నాకు చీమ కుట్టినట్టయినా లేదు. నాణ్యత కాపాడానని అనుకున్నాను.

ఆ మధ్యాహ్నం గేటు దాటేసరికి అక్క నన్ను కేకేసింది. తిడుతుందేమోనని నాలుగడుగులు దూరంగానే ఆగాను. ఆమె తిట్టలేదు. పాత పేపర్లో చుట్టిన రేకు బోర్డు ఒకటి తీసి చూపించింది. 'లక్డారం సర్వపిండి' అని ఎర్ర రంగుతో రాయించుకుంది. రంగు వాసన ఇంకా పోలేదు.

"ఆదివారం పెడదమని రాపిచ్చిన తమ్మీ. నా పేరుతోని బోర్డు గిదే మొదటిది. ఇగ రావద్దన్నరంట. సరే తియ్యి. నేనేం తప్పు చేసిన్నో జెర చెప్పు, రేపటి సంది మంచిగ చేస్త."

"రెండో వైపు తిప్పలేదు కదక్కా" అన్నాను నీళ్లు నములుతూ.

"సర్వపిండిని తిప్పుడా? ఎవలు తిప్పుతరు? ఇరిగి ముక్కలైతది."

వరసలో నిల్చున్న వాళ్లంతా ఒక్కసారి గొల్లున నవ్వారు. ఒడిశా నుంచి వచ్చి ఆర్నెల్లు కూడా కాని మా వెల్డరు, నోటి నిండా రొట్టె పెట్టుకుని, "అరే భయ్యా, ఇస్కో పలట్‌తే నహీ" అని, దీన్ని తిప్పరని హిందీలో నాకు తెలియజెప్పాడు. సిగ్గుతో చచ్చాను.

ఇంటికెళ్లి అమ్మకు చెప్పుకుంటే ఓదారుస్తుందనుకున్నాను. ఆవిడ పెనం దించకుండానే, "రోజూ నీకు దోసె ఒక వైపే కాల్చి పెడుతున్నాను. ఇన్నేళ్లలో ఒక్కనాడైనా పచ్చిగా ఉందన్నావా? నీకో పేజీ, దానికో చీటీ! వెళ్లి ఆవిడకి అన్యాయం సరిచేసి రా. అప్పటిదాకా నాకు కనబడకు" అంది. నిలువెత్తు క్వాలిటీ ఇన్‌స్పెక్టర్ని, దోసె దగ్గర దొరికిపోయాను.

వీడియో తీసేస్తానని స్పూనన్నకు ఫోన్ చేశాను. "తీసేస్తే ఏమైతదిరా? సూసినోళ్లు సూసిండ్రు. ఆదివారం అందరి ముంగట నువ్వే సర్వపిండి చెయ్యి, లైవ్ పెడదం. ఆమె చేసేది కరెక్టని జనానికి అర్థమైతే స్టాలు ఇస్తం, లేకుంటే లేదు" అన్నాడు. అక్కను బతిమాలితే, ఆలోచించి, ఆదివారం బోర్డూ మూడు సర్వలూ గోనెసంచిలో వేసుకుని వచ్చింది. బోర్డును మాత్రం పేపరు విప్పకుండా బల్ల కింద పెట్టింది. నా కళ్లు మాటిమాటికీ ఆ పేపరు మీదికే పోతున్నాయి.

మైదానం నిండా జనం. ఎదురుగా అరడజను ఫోన్లు. అక్క పక్కన నిలబడి చెబుతుంటే మొదటి రొట్టె ఒత్తాను, చిల్లులు పెట్టాను, మూత పెట్టాను. అడుగు ఎర్రగా, పైన మెత్తగా, చక్కగా లేచి వచ్చింది. అంతే, నాకు పూనకం వచ్చింది. అక్క వద్దంటున్నా వినకుండా, కాలుతున్న అదే సర్వలో రెండో ముద్ద పెట్టేశాను. వేలు తగిలిన చోటల్లా పిండి అక్కడికక్కడే ఉడికి ముద్ద కట్టింది. ఒత్తితే జారుతుంది, జారితే వేళ్లు అంటుకుంటాయి. "అమ్మా!" అని అరిచి, ఆ సర్వను పట్టుకారుతో లేపి, ఇంకేం ఆలోచించకుండా పక్కనున్న బకెట్లో ముంచాను. చుయ్‌మంది.

వెంటనే స్పూనన్న చెంచాతో బల్ల మీద రెండుసార్లు కొట్టి, "ఇగో సూసిండ్రా? గిన్నె కడిగిన నీళ్లని గీనే అన్నడు. ఇప్పుడు గీనే ముంచిండు!" అన్నాడు. మైదానమంతా నవ్వింది.

అక్క కెమెరాల వైపు తిరగలేదు, నా వైపే చూస్తూ నెమ్మదిగా చెప్పింది. "సర్వ సల్లగైతెనే పిండి ఒత్తనీకొస్తది తమ్మీ. అందుకే నీళ్లు. మా అమ్మ గిట్లనే చేసింది, వాళ్లమ్మ గిట్లనే చేసింది."

నేను జేబులోంచి ఎర్ర చీటీ తీసి నా చొక్కాకే అంటించుకుని, "సర్వపిండి పాస్. నేను ఫెయిల్" అన్నాను. నవ్విద్దామని మొదలుపెట్టిన మాటే, చివరికి వచ్చేసరికి నిజంగానే అన్నాను. స్పూనన్న బల్ల కిందికి వంగి, "ఇగ బోర్డు ఇప్పు అక్కా" అన్నాడు. ఆమె పేపరు విప్పి బోర్డు నిలబెట్టింది. తర్వాత నా చొక్కా మీది చీటీ పీకి, బోర్డు మూలన అంటించి, బొటనవేలితో గట్టిగా అదిమింది. ఆ రోజు అన్నింటికంటే పొడుగు వరస ఆమె ముందే. మూడు సర్వలు చాలక, ఒకదాని తర్వాత ఒకటి నీళ్లలో ముంచి చల్లార్చే పని నాకప్పగించింది. సాయంత్రానికి నా వేళ్లు నానిపోయాయి. అంత గర్వంగా నేను ఏ షిఫ్టులోనూ పని చేయలేదు.

ఇప్పుడు నేను మా ఫ్యాక్టరీలో క్వాలిటీ విభాగానికే పెద్దని. పేజీ ఎప్పుడో మూతపడింది. అక్కకు ఇంద్రేశంలో చిన్న దుకాణం ఉంది. సిటీ నుంచి కార్లేసుకుని వస్తారు, స్పూనన్న ఆ కార్లను చూసి మీసం తిప్పుతాడు. అదే రేకు బోర్డు, మూలన అదే చీటీ, వెలిసి గులాబీ రంగుకు తిరిగింది. మొన్న ఆదివారం నేను బల్ల దగ్గర కూచుని తింటుంటే, ఎవరో కుర్రవాడు ఫోన్ ఎత్తి పట్టుకుని, ఆ చీటీ ఏమిటని అడిగాడు.

"మావోడు ఇచ్చిండు" అంది అక్క, నా వైపు చూడకుండానే. "అప్పట్ల వానికి ఏం తెల్వకుండె. ఇప్పుడు సర్వ సల్లార్సుడు మంచిగొచ్చు."

మా నాన్న ఈ ఊరొచ్చి అన్నేళ్లయినా, నన్ను 'మావోడు' అన్నది మొదట ఆమే. నా గోడ మీద ఉన్న సర్టిఫికెట్లు ఒక్కటీ దానికి సాటిరావు. చేతిలో రొట్టె కాలుతోంది, కాలుతుండగానే తిన్నాను. చీటీల కట్ట జేబులో పెట్టుకుని ఊరంతా తిరిగిన ఆ ఇరవై రెండేళ్ల ఇన్‌స్పెక్టరు ఎక్కడైనా ఎదురుపడితే, పక్కన కూచోబెట్టి, "ముందు తినరా, చల్లారిపోతోంది" అని చెప్పాలనిపిస్తుంది.