హాజరు పట్టీలో తొమ్మిది మంది

నాది మొదట్నుంచీ అనుమానపు బుర్ర. మా ఆయన అడక్కుండా టీ పెట్టిచ్చినా ఏం తప్పు చేశాడో అనుకుంటాను. అలాంటిది, కొత్తగూడెంలో నేను రాజనీతిశాస్త్రం చెప్పే డిగ్రీ కాలేజీలో ప్రిన్సిపాల్ సారు ఉన్నట్టుండి "టైమింగ్స్ సంగతి పిల్లల కమిటీయే తేల్చాలె, నేను సంతకం పెడ్త" అంటే నమ్ముతానా? ఈయనకు ప్రజాస్వామ్యం మీద ఇంత ప్రేమ ఎప్పుడు పుట్టిందబ్బా అనుకున్నాను.

కాలేజీ అప్పుడు పది నుంచి నాలుగు దాకా. పొద్దున కోచింగ్‌లకు పోయే టౌన్ పిల్లలకు పదకొండు నుంచి ఐదు కావాలి. భద్రాచలం వైపు అడవి ఊళ్లకు చివరి బస్సు నాలుగుంపావుకే. ఆ బస్సెక్కే తొమ్మిది మంది ఆడపిల్లలూ నా సెక్షన్‌వాళ్లే. వాళ్లలో ముందు బెంచీ అమ్మాయి తేల్చి చెప్పింది: "టైం మారితే మా నాయన చదువు బంద్ చేయిస్తడు మేడమ్."

ఆ వారం నా పాఠం అమెరికా ప్రభుత్వం పుట్టినప్పటి గొడవ. పెద్ద రాష్ట్రాలు జనాభాను బట్టి సీట్లు కావాలన్నాయి, చిన్నవి అందరికీ సమానమన్నాయి. చివరికి ఒక సభ అట్లా, ఇంకో సభ ఇట్లా. బానిసలకు మాత్రం ఓటు లేదు. కానీ సీట్ల లెక్కలో వాళ్లు ఐదుగురుంటే ముగ్గురిగా కట్టారు. ఆ లాభం యజమానుల రాష్ట్రాలకే పోయింది.

ముందు బెంచీ అమ్మాయి చెయ్యెత్తింది. "మరి వాళ్లనెవరన్నా అడిగిండ్రా మేడమ్?"

"లేదమ్మా," అన్నాను, పాఠం బాగా ఎక్కిందని మురిసిపోతూ.

ఆ మురిపెంలోనే, కమిటీ సీట్లు ఎట్లా పంచాలని సారు అడిగితే, "తలల లెక్కే న్యాయం సార్. ఎన్నిక రోజు హాజరైనవాళ్లలో ఇరవై మందికొక సీటు" అన్నాను. మా సెక్షన్ పెద్దది కాబట్టి ఆ పిల్లలకు మేలనుకున్నాను.

ఇంతలో తునికాకు మొదలైంది. బీడీ ఆకు తెంపే ఆ మూడు వారాలు ఇంటిల్లిపాదీ అడవిలోనే. ఆ పిల్లలు రారు. మేం లెక్చరర్లం చప్పుడు చెయ్యకుండా హాజరు వేసేస్తాం, లేకపోతే హాల్ టికెట్ రాదు. మా కాలేజీలో ఎప్పట్నుంచో ఉన్న దయ ఇది.

ఎన్నిక ఆ రోజుల్లోనే జరిగింది. మా సెక్షన్‌కు రెండు సీట్లు. గెలిచిన ఇద్దరూ టౌన్ పిల్లలే. కమిటీలో కొత్త టైమింగ్ ఒక్క ఓటుతో నెగ్గింది.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ రోజు క్లాసులో ఉన్నదే ముప్పై ఒక్క మందైతే, ఒక్క సీటుకు బదులు రెండెట్లా వచ్చాయి? ఆ రెండో సీటు లేకపోతే కొత్త టైమింగ్ నెగ్గేదే కాదు. ప్రిన్సిపాల్‌ను అనుమానించాను, గెలిచినవాళ్లను అనుమానించాను. ఆఫీసుకు పోయి క్లర్కు మీద విరుచుకుపడ్డాను. "ఎవరిదండీ ఈ దొంగ లెక్క?"

ఆయన రిజిస్టర్ నా వైపు తిప్పాడు. "మీదే గద మేడమ్. నలభై మంది హాజరని మీరే సంతకం పెట్టిండ్రు, చూడుండ్రి."

తొమ్మిది పేర్ల పక్కన నా చేత్తో వేసిన టిక్కులు! కాదంటే వాళ్ల పరీక్షలు పోతాయి. రిజిస్టర్ మూసేసి బయటికొచ్చాను. సిగ్గుతో చచ్చిపోయాను.

పరీక్షలకు వచ్చినప్పుడు ఆ అమ్మాయి వేళ్ల మీద కొమ్మలు గీరుకున్న గాట్లు ఇంకా మానలేదు. "మమ్మల్ని గూడ లెక్కేసుకున్నరంట గద మేడమ్," అంది. ఎవరు చెప్పారని ఆరా తీసే మొహం నాకెక్కడిది?

సెలవులయ్యాక కొత్త టైమింగ్‌లో మొదటి హాజరు తీశాను. ఆమె పేరు పిలిచాను. కాస్త ఆగి మళ్లీ పిలిచాను. ఈసారి నిజమే రాశాను: ఆబ్సెంట్.