పొద్దుగూకని సోమవారం

నా చిన్నప్పుడు నోరు మూసుకుని కూర్చోవడం నాకు చేతనయ్యేది కాదు. శాంటా క్లారాలో మా ఇంటికి ఎవరొచ్చినా ప్రశ్నలతో ప్రాణం తీసేదాన్ని. విసుక్కోకుండా వినేది మా అమ్మమ్మ ఒక్కతే. ఆ వేసవిలో ఆవిడ తెనాలి నుంచి వచ్చి మా దగ్గర ఉంది. అందరూ అమ్మమ్మల్ని గుళ్ళకీ జలపాతాలకీ తిప్పుతుంటే, మా నాన్న మాత్రం అలాస్కాలో ఆర్‌వీ అద్దెకు తీసుకుని మమ్మల్ని ఉత్తర ధ్రువం వైపున్న ఆర్కిటిక్ సర్కిల్ గీత దాటిస్తానన్నాడు. ఎందుకంటే ఏం చెబుతాడు, పిచ్చి!

ఆర్‌వీ అంటే చక్రాల మీద ఇల్లు. లోపల పొయ్యి, మంచాలు, బాత్రూమ్ అన్నీ ఉండేసరికి అమ్మమ్మ మురిసిపోయింది. గతుకుల రోడ్డు మీద పెరుగు గిన్నె ఒలికిపోతుందని దారంతా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నాన్న స్పేర్ టైర్ల దగ్గర నుంచి దోమల మందు దాకా అన్నీ ఆలోచించాడు. సోమవారం సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు.

సోమవారం అమ్మమ్మకు ఉపవాసం. పగలంతా టీ నీళ్ళే. పొద్దుగూకాక దీపం పెట్టి, అప్పుడు అన్నం తినేది. మా అమ్మ పుట్టినప్పటి నుంచీ ఒక్క వారం తప్పలేదట. మేం సర్కిల్ దాటింది సరిగ్గా సోమవారమే. బోర్డు దగ్గర ఫొటోలు దిగి, ఇంకొంత దూరం పోయి ఒక ఏటి ఒడ్డున బండి ఆపాం. అమ్మ పెరుగన్నం కలిపింది. అమ్మమ్మ కిటికీలోంచి చూసి, "ఇంకా బోలెడంత పొద్దుందే" అంది.

అప్పుడు నాన్న ముఖం చూడాలి! ఇక్కడ ఈ రోజుల్లో సూర్యుడు అసలు దిగడని చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు. నేనే చెప్పేశాను. అమ్మ గుండె జారిపోయింది. అమ్మమ్మకు షుగర్, తిన్నాకే మాత్ర వేసుకోవాలి, దగ్గరలో డాక్టర్ కాదు కదా మనిషే లేడు.

"అత్తయ్యా, మన తెనాలి టైమ్ ప్రకారం ఎప్పుడో చీకటి పడిపోయింది. తినేయండి," అన్నాడు నాన్న.

"నేనిక్కడున్నాను బాబూ, తెనాలిలో లేనుగా."

అమ్మ కర్టెన్లన్నీ లాగేసింది. లోపల చీకటయింది. అమ్మమ్మ నవ్వింది. "నాకు కనపడకుండా చేస్తే, ఆయన లేకుండా పోతాడుటే?"

నాకు ఆవిడ మీద జాలీ, సూర్యుడి మీద కోపమూ ఒకేసారి వచ్చాయి. "అమ్మమ్మ తినేదాకా నేను కూడా తినను," అన్నాను. అమ్మ తిట్టింది. నేను వినలేదు.

ఇద్దరం బయట మడత కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. ఉల్లిపాయ పట్టుకుని, భూమి ఎలా వంగి తిరుగుతుందో ఆవిడకు క్లాసు పీకాను. ఆవిడ అన్నీ విని, మళ్ళీ మళ్ళీ అడిగింది. "మరి చలికాలంలో అసలు రాడా? అప్పుడిక్కడి వాళ్ళు ఏం చేస్తారే పాపం?" సూర్యుడు కిందికి దిగకుండా కొండల మీద పక్కకి జరుగుతుంటే, చెయ్యి అడ్డం పెట్టుకుని చిన్నపిల్లలా చూసింది. అడగడంలో ఆవిడ నన్ను మించిపోయింది. కానీ మధ్యలో కళ్ళు తిరిగినట్టు కుర్చీ పట్టుకుంది. నాకు భయమేసింది. సరిగ్గా అప్పుడే నా కడుపు గుర్రుమంది.

అమ్మమ్మ నా వైపు చూసింది. "ఆకలేస్తోందా?"

"లేదు," అన్నాను. కడుపు మళ్ళీ గుర్రుమంది.

ఆవిడ లేచి కాళ్ళూ చేతులూ కడుక్కుంది. బండి మెట్టు మీద చిన్న దీపం పెట్టింది. ఆ ఎండలో దాని వెలుగు కనపడనే లేదు. పెరుగన్నం గిన్నె బయటికి తెప్పించి, మొదటి ముద్ద నా నోట్లో పెట్టింది. రెండో ముద్ద చేత్తో పట్టుకుని సూర్యుడి వైపు తిరిగింది.

"స్వామీ, నువ్వింకా పైనే ఉన్నావు. నాకు తెలుసు. పసిపిల్ల నాకోసం కడుపు మాడ్చుకుంటోంది. అందుకని తింటున్నాను. చూడు," అని గట్టిగా చెప్పి తినేసింది. కిటికీలోంచి అమ్మ కళ్ళు తుడుచుకోవడం చూశాను. మర్నాడు అమ్మమ్మ ఏమీ బాధపడలేదు. పై సోమవారం శాంటా క్లారాలో మామూలుగానే ఉపవాసం ఉంది.

ఆవిడకు ఆ రోజు బోలెడు సాకులు దొరికాయి. తెనాలి టైమూ ఉంది, కర్టెన్లూ ఉన్నాయి. ఒక్కటీ వాడుకోలేదు. అది నాకు చాలా ఏళ్ళకు గానీ అర్థం కాలేదు.

ఇప్పుడు నేనూ పిల్లల తల్లిని. ఇచ్చిన మాటలూ పెట్టుకున్న నియమాలూ ఒక్కోసారి తప్పాల్సి వస్తుంది. మనసు వెంటనే ఏదో ఒక కర్టెన్ లాగబోతుంది. అప్పుడు అమ్మమ్మ చేతిలోని ఆ ముద్ద గుర్తొస్తుంది. ఎవరికి మాటిచ్చానో వాళ్ళ ఎదురుగా వెళ్ళి నిలబడి, ఇదిగో తప్పుతున్నాను, ఇందుకూ అని చెబుతాను.