తొలిచూలు ఆవుకు పెట్టిన తిండి

మా ఆవును చావు దాకా తీసుకెళ్ళింది ఆ ఎద్దు కాదు, నేను. ఈ సంగతి విన్నవాళ్ళంతా ఎద్దును తిడతారు, దొరను తిడతారు. నా ఎదురుగా నన్నెవరూ తిట్టరు గనక ఆ పని నేనే చేసుకుంటున్నాను.

సముద్రం దాటి కూలికొచ్చిన ఈ దీవిలో, ఐదేళ్ళ గిర్మిట్ ఒప్పందం పూర్తయ్యాక నేనూ మా ఆయనా బులిలేకా అనే ఊళ్ళో కాస్త చెరుకు నేల కౌలుకు తీసుకున్నాం. మాతో వచ్చినవాళ్ళలో కొందరు మళ్ళీ వేలిముద్ర వేసి ఎస్టేటు కూలీల లైన్లలోనే ఉండిపోయారు. లైన్లలో ఉండగా నాకొక కాన్పయింది. నెలలు నిండేదాకా చెరుకులో గడ్డి చెక్కించారు. కడుపునిండా గంజి తాగిన రోజు గుర్తులేదు. పుట్టిన పిల్ల పిడికెడుంది, వారం తిరక్కుండా పోయింది. తర్వాత మళ్ళీ కడుపు పండలేదు. కౌలు నేలకు వచ్చిన ఏడాది తల్లిలేని పెయ్యదూడ ఒకటి దొరికితే పోతపాలు పట్టి పెంచాను. అది నాకు కూతురే. ఇందులో సిగ్గుపడేదేమీ లేదు.

ఏటికి అవతల ఒక తెల్లదొర పశువుల మంద ఉండేది. చెరుకు మిల్లు దొరల ఇళ్ళకూ, రేవుకొచ్చే ఓడలకూ మాంసం అక్కణ్ణుంచే వెళ్ళేది. ఆ దొరకు ఒకటే పిచ్చి. కొవ్వు దండగ, కండ కావాలి. కొవ్వు పట్టే పశువును మందలో ఉంచేవాడు కాదు. కండ ఉన్నదాన్ని కండ ఉన్నదానికే కట్టించేవాడు, అన్నాచెల్లెళ్ళని చూసేవాడు కాదు, తల్లీకొడుకులని చూసేవాడు కాదు. అలా కట్టించి కట్టించి చివరికొక ఎద్దును తయారుచేసుకున్నాడు.

దాన్ని చూడటానికి మేమిద్దరం పనిగట్టుకుని వెళ్ళాం. పిరుదులు గీత గీసినట్టు రెండు ముద్దలుగా విడిపోయి ఉన్నాయి. తోలు ఎంత పల్చనంటే, అడుగు వేసినప్పుడల్లా దాని కింద కండలు కదలడం కనిపించింది. మా వైపు విత్తనపు ఎద్దును మోపురం చూసి, గంగడోలు చూసి, నడక చూసి ఎంచుతారు. దీనికి మోపురం లేదు. నిలబడితే కాళ్ళు సన్నగా వణికేవి. నాలుక నోట్లో పట్టక పక్కకు వేలాడేది. ఇవన్నీ నేను చూశాను. చూసి కూడా, ఇంత కండ ఉన్నదానికి పుట్టే దూడలు రేపు ఎంత లోతు దున్నుతాయో అని లెక్కలు వేసుకున్నాను.

దొర దగ్గర పశువులు కాసే మనిషి మాతోపాటు ఒకే ఓడలో వచ్చి, మళ్ళీ వేలిముద్ర వేసినవాడు. ఓడలో కలిసి వచ్చినవాళ్ళు ఇక్కడ ఒక కడుపున పుట్టినవాళ్ళకింద లెక్క, అందుకని నేనతన్ని అన్న అనేదాన్ని. అతనే మధ్యలో ఉండి మాట కుదిర్చాడు. మా పెయ్య ఎదకొచ్చినప్పుడు ఆ ఎద్దుకు కట్టించుకోవచ్చు. పెయ్య పుడితే మాకు, కోడె పుడితే దొరకు. పెయ్య దక్కితే దాని కడుపున మా దుక్కిటెద్దులు పుడతాయని మా ఆయన సంబరంగా ఒప్పుకున్నాడు. నేను అతనికంటే సంబరంగా ఒప్పుకున్నాను.

చూలు నిలిచింది. ఇక నన్ను పట్టేవాళ్ళు లేరు. మాలో తొలిచూలు ఆవంటే పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లే. ఏడో నెల రాగానే కొమ్ములకు పసుపు రాసి, కొత్త బియ్యం దంచి చలిమిడి చేసి నా చేత్తో తినిపించాను. రోజూ పొద్దున తవుడు, మధ్యాహ్నం ఉడికించిన కందులు, సాయంత్రం కొబ్బరి చెక్క, మిల్లు నుంచి తెచ్చిన బెల్లపు మడ్డి. నేను కడుపుతో ఉన్నప్పుడు నాకు దొరకనిదంతా దానికి పెట్టాను. మా ఆయన నవ్వుతూ, ఆ చేత్తో నాకూ ఇంత పెట్టవే అనేవాడు.

దొర గుర్రం మీద వచ్చి చూసిపోతుండేవాడు. ఆవు పొట్ట చుట్టూ టేపు వేసి కొలిచి, కాగితం మీద రాసుకుని, మంచి తవుడు బస్తా దింపించి వెళ్ళేవాడు. తెల్లదొర నా పెంపకాన్ని మెచ్చుకుంటున్నాడని నా కళ్ళు నెత్తికెక్కాయి. అతనొక్కసారీ ఆవు మొహం కేసి చూడలేదు. ఆ సంగతి కూడా నాకు తర్వాతే తట్టింది.

తొమ్మిదో నెలలో ఏటి అవతల నుంచి ఆవుల అరుపులు వినిపించడం మొదలైంది. ఒకటి పొద్దుటి నుంచి అరిచి అరిచి, మధ్యాహ్నానికి ఉన్నట్టుండి ఆగిపోయేది. రెండ్రోజులకు ఇంకొకటి. ఈనుతున్నాయిలే అన్నాడు మా ఆయన. ఈనిన ఆవు దూడను పిలుస్తుంది కదా, ఆ పిలుపు ఏదీ అని నేను అడగలేదు. ఓడ అన్న మా ఇంటికి రావడం మానేశాడు.

చివరికి ఒకరోజు వచ్చాడు, కూర్చోమన్నా కూర్చోలేదు.

"సెల్లీ, దానికి తిండి ఆపీ. ఆ ఎద్దుకి కట్టిన తొలిసూలువి ఒక్కటీ లెగనేదు. కడుపు కోసి దూడని తీసేత్తన్నారు. నువ్వు మేపతన్నది ఆవుని కాదు, దూడని."

ఒళ్ళు మండి చేతిలో ఉన్న చేట అతని మీదికి విసిరాను. ఇన్నాళ్ళూ నోట్లో ఏం పెట్టుకున్నావని అడిగాను. చెబితే తోలు వలుస్తానన్నాడు దొర, నా గిర్మిట్ ఇంకా ఉంది కదా అన్నాడు. విసిరిన చేట నేనే వెళ్ళి తీసుకున్నాను.

ఆ పూట నుంచి గడ్డి తప్ప ఏమీ పెట్టలేదు, అదీ సగమే. నా అడుగుల చప్పుడు వింటే చాలు ఆవు మెడ చాచి అరిచేది. ఖాళీ తొట్టిని నాకుతూ నా కేసి చూసేది. నేను పాక వెనక కూర్చుని ఏడ్చేదాన్ని. అప్పటికే ఆలస్యమైపోయింది.

నొప్పులు పొద్దున మొదలయ్యాయి. ముందరి గిట్టలు కనిపించాయి, నా పిడికిలంత ఉన్నాయి. తర్వాత మూతి, వాచిన నాలుక. అక్కడితో ఆగిపోయింది. మా ఆయన ఓడ అన్న కోసం పరుగెత్తితే, అన్న వెనకే దొర కూడా వచ్చాడు. చెయ్యి పెట్టి చూసి కోడె అన్నాడు, బతికే ఉందన్నాడు. ఆవు ఎలాగూ దక్కదు, కోసి దూడను తీయమన్నాడు. మాట ప్రకారం దూడ అతనిదే. మా ఆయన తల దించుకున్నాడు.

"ఆవు నాది. ఆవు బతకాల," అన్నాను.

ఆవు బతకాలంటే దూడను లోపలే కోసి తియ్యాలి. ఆ మాట వినగానే మా ఆయన చెవులు మూసుకున్నాడు. ఓడ అన్న దణ్ణం పెట్టి, ఆ పాపం నా వల్ల కాదు సెల్లీ అన్నాడు. దొర చేతులు కట్టుకుని నిలబడ్డాడు, ఎలాగూ చివరికి తన మాటే నెగ్గుతుందని. అందరిలోకీ సన్నటి చేతులు నావే. కూరల కత్తి తెచ్చి, చేతికి కొబ్బరి నూనె రాసుకున్నాను. మూతికి వేలు తగలగానే దూడ దాన్ని నోట్లోకి తీసుకుని చీకింది. పాలనుకుంది. ఆ తర్వాత చేసిన పని నేను చెప్పను.

పోయిన దూడ తొడలను కూడా దొర టేపుతో కొలిచాడు. ఆవు బతికితే వచ్చే ఏడు మళ్ళీ తోలుకురమ్మనీ, ఈసారి దారి కాస్త వదులవుతుందనీ అన్న చేత చెప్పించాడు. మా ఆయన అలవాటుగా అచ్ఛా సాబ్ అన్నాడు. దూడను బండి మీద వేసుకుని వెళ్ళిపోయారు. ఆ తర్వాత చాలా రోజులు మా ఆయన నా చేతి అన్నం తినలేదు.

పొద్దు వాలేటప్పటికి ఆవు లేచింది. వణుకుతూ నిలబడి నేలంతా వాసన చూసింది, ఈనిన ఆవు చేసే ఆ సన్నటి పిలుపు పిలుస్తూ. కడిగినా నా చేతుల వాసన పోలేదు. అది నా దగ్గరకొచ్చి వేళ్ళ దగ్గర మొదలుపెట్టి మోచేతుల దాకా నాకడం మొదలుపెట్టింది, దూడను నాకినట్టే, ఆపకుండా. నేను చేతులు వెనక్కి తీసుకోలేదు.